పదహారు గంటల విమానంలో కాస్త కన్ను మూతపడాలంటే: చెల్లెలికి ఉత్తరం

చెల్లీ,

అమ్మాయి పురుటికి టికెట్లు ఖాయమయ్యాయని తెలిసి చాలా సంతోషం. శంషాబాదులో తెల్లవారుజామున నాలుగున్నరకు ఎక్కి, దుబాయిలో విమానం మారి, అక్కణ్ణుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా ఏకబిగిన దాదాపు 16 గంటలు కూర్చోవాలి. నెలలు నిండిన పిల్ల అక్కడ నీ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. దిగేసరికి నువ్వే తల పట్టుకుని కూలబడితే దానికి కంగారు. పాటలు వినిపించే స్లీప్ మాస్క్ ఒకటి కొనుక్కోమని అల్లుడుగారు చెప్పారని, దాన్ని ఎలా వాడాలో రాయమని అడిగావు. నీ వయసుకీ, నీ అలవాట్లకీ సరిపడేలా అన్నీ రాస్తున్నాను. తీరిగ్గా చదువు, ఒకసారి చదివి పక్కన పడెయ్యకు.

ముందు అది ఏం చేస్తుందో తెలుసుకో. మెత్తటి బట్టతో కుట్టిన కళ్ళపట్టీ అది. చెవుల దగ్గరకు వచ్చే చోట లోపల రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద స్పీకర్లు రెండు పల్చగా ఉంటాయి. నుదుటి దగ్గర చిన్న బ్యాటరీ, మీటలు ఉంటాయి. ఫోన్లోంచి బ్లూటూత్ ద్వారా పాట వస్తుంది. విమానం ఇంజన్ల హోరు రోజంతా ఆగకుండా 80 డెసిబెల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ హోరును ఈ మాస్క్ ఆపలేదు. ఖరీదైన హెడ్‌ఫోన్లలో ఉండే శబ్దాన్ని చంపే ఏర్పాటు ఈ పల్చటి స్పీకర్లలో మామూలుగా ఉండదు. ఇది ఆపగలిగింది వెలుతురుని. మరుగున పడెయ్యగలిగింది మాటల్ని, పళ్ళాల చప్పుడుని, పైన సామాన్ల తలుపులు ధడేల్మని మూసే శబ్దాన్ని. మనిషిని నిద్రలోంచి లేపేవి కూడా ఇవే. ఒకే తీరున సాగే హోరుకు మెదడు కాసేపటికి అలవాటు పడుతుంది, హఠాత్తుగా వచ్చే చప్పుడుకు మాత్రం ఉలిక్కిపడుతుంది. కాబట్టి ఇంజను మోత వినపడుతూనే ఉందని మాస్క్ పనికిరాదనుకోవద్దు, దాన్ని ముంచెయ్యాలని సౌండు పెంచుకుంటూ పోవద్దు.

కొనేటప్పుడు నాలుగు చూడు. వెయ్యి, రెండువేల రూపాయల్లోనే మంచివి దొరుకుతాయి. మీటలు వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా ఉండాలి. తాకితే పనిచేసే రకం నీకు వద్దు, చీకట్లో ఎక్కడ తాకామో తెలియదు. ఆ మీటల పెట్టె నుదుటి వైపే ఉండాలి. తల వెనక ఉంటే సీటుకు ఆనినప్పుడల్లా నొక్కుకుపోయి పాట మారిపోతుంది, వెనకతల కూడా నొప్పెడుతుంది. కళ్ళ దగ్గర చదునుగా ఉండే రకం వదిలేసి, చిన్న గిన్నెల్లా లోపలికి గుంట ఉండే రకం తీసుకో. రెప్పల మీద బరువు పడదు, లోపల కళ్ళు తెరిచినా బట్ట తగలదు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది కాబట్టి ఇది మరీ ముఖ్యం. ఆపరేషన్ చేసిన డాక్టరుగారిని ఒక మాట అడిగాకే కొను. కంట్లో ఒత్తిడి ఎక్కువని ఆయన ఎప్పుడైనా అని ఉంటే కళ్ళ మీద బిగుతైన పట్టీ ఏదీ కట్టకూడదు. నాలుగోది, ఛార్జింగు రంధ్రం మీ ఇంట్లో ఉన్న ఫోన్ వైరుకే సరిపోవాలి. ఈ రోజుల్లో ఎక్కువగా టైప్-సి వస్తున్నాయి. పాతరకం సన్నపిన్నుది కొంటే ఇంకో వైరు మోసుకెళ్ళాలి.

డబ్బా విప్పగానే పాట పెట్టుకుని, సరిగా వినపడ్డం లేదని తిరిగి పంపించేవాళ్ళు చాలామంది. స్పీకర్లు సరైన చోట లేకపోవడమే దానికి కారణం. ఫ్యాక్టరీలో ఎవరి చెవికో అమర్చినవి అవి. మాస్క్ పక్కభాగంలో లోపలివైపు చిన్న చీలిక ఉంటుంది, కొన్నింటిలో దాన్ని మూసే వెల్క్రో కూడా ఉంటుంది. అక్కడ వేలు పెట్టి స్పీకరును ముందుకీ వెనక్కీ జరపొచ్చు. అద్దం ముందు నిలబడి మాస్క్ పెట్టుకో, పాట సన్నగా మోగనీ, రెండు వేళ్ళతో బట్ట మీది నుంచే స్పీకరును కదుపుతూ రా. చెవి రంధ్రానికి ఎదురుగా వచ్చిన క్షణాన పాట ఒక్కసారిగా నిండుగా వినిపిస్తుంది. అక్కడ ఆపెయ్యి. రెండో వైపూ అలాగే. అర అంగుళం తేడా వచ్చినా సౌండు సగానికి సగం పడిపోయినట్టు ఉంటుంది. రెండు స్పీకర్లనూ కలిపే వైరు చాలా సన్నం, నుదుటి మీదుగా పోతుంది. జరిపేటప్పుడు స్పీకరును పట్టుకుని జరుపు, వైరు పట్టి లాగకు. ఇవి పాడయ్యేది ఎక్కువగా అక్కడే.

ఇక నగల సంగతి. చెవి దిద్దులూ మాటీలూ పెట్టుకుని ఈ మాస్క్ కడితే స్పీకరు దిద్దు మీద నొక్కి, దిద్దు వెనక శీల మెడలోకి గుచ్చుకుంటుంది. గంటలో చెవి ఎర్రబడిపోతుంది. ప్రయాణానికి చిన్న బంగారు పోగులు చాలు. మాటీలు బయలుదేరకముందే ఇంట్లో తీసి బీరువాలో పెట్టు, విమానంలో తీసి పర్సులో వేసుకునే పని పెట్టుకోకు, పోతాయి. ముక్కుపుడకతో ఇబ్బంది లేదు, మాస్క్ కింది అంచు దానికి పైనే ఆగుతుంది. బొట్టుబిళ్ళ తీసెయ్యి, లేకపోతే చెమటకు ఊడి మాస్క్ లోపల అతుక్కుని కంటి దగ్గరకు జారుతుంది. జుట్టు ముడి వేసుకుంటే పట్టీ ముడి కింద నుంచి పోవాలా పైనుంచి పోవాలా అని తంటా, పైగా ముడి సీటుకు తగిలి తల ముందుకు తోసుకొస్తుంది. వదులుగా జడ వేసి ఒక పక్కకు ముందుకు వేసుకో. ఆ రోజు కొబ్బరినూనె వద్దు. నూనె బట్టకు ఇంకితే స్పీకరు జాలీ మూసుకుపోతుంది, వెల్క్రో పట్టు కూడా వదులుతుంది. వెల్క్రో గరుకు వైపు జుట్టులో చిక్కుకోకుండా, ముందు రెండు కొసలనూ తల వెనక ఒకదాని మీద ఒకటి ఆనించి తర్వాత నొక్కు. బిగువు ఎంతంటే, పట్టీకీ తలకీ మధ్య ఒక వేలు సులువుగా దూరాలి. లేచాక నుదుటి మీద గాడి పడితే బిగువు ఎక్కువైందని అర్థం.

వెలుతురు ఎక్కణ్ణుంచి వస్తుందో ఇంట్లోనే చూసుకో. ట్యూబులైటు కింద కూర్చుని మాస్క్ పెట్టుకుని కళ్ళు తెరిచి కిందికి చూడు. ముక్కు పక్కన గీతలా వెలుగు కనిపిస్తే మాస్క్ అర అంగుళం కిందికి లాగు, అక్కడ ముక్కును కప్పే చిన్న రెక్క ఉంటే దాన్ని లోపలికి మడిచి పెట్టు. అలాగే రాత్రి దీపాలన్నీ ఆర్పి మాస్క్ ఆన్ చేసి చూడు. కొన్నింటిలో నీలం దీపం కొన్ని సెకన్లకోసారి మిణుకుమంటూ ఉంటుంది. పక్క సీటాయన కళ్ళలోకి ఆ వెలుతురు కొట్టకుండా దాని మీద నల్ల టేపు ముక్క అంటించు.

ఫోనుకు కలపడం ఇంట్లోనే అయిపోవాలి. విమానంలో అందరి దగ్గరా బ్లూటూత్ వస్తువులే, అక్కడ వెతికితే ఇరవై పేర్లు కనిపించి ఏది నీదో తెలియదు. మధ్య మీటను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకో, ఎరుపూ నీలం దీపాలు మార్చి మార్చి వెలుగుతాయి. ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి బ్లూటూత్ ఆన్ చేస్తే అక్షరాలూ అంకెలూ కలిసిన పేరొకటి వస్తుంది, దాన్ని నొక్కు. కలిసిన తర్వాత ఆ పేరు మార్చి "మాస్క్" అని తెలుగులోనే పెట్టమని చిన్నవాడికి చెప్పు. మీ ఇంట్లో ఇంకెవరి ఫోనుకీ దాన్ని కలపనివ్వకు. మరిదిగారి ఫోనుకు ఒకసారి కలిపితే ఆన్ చేసినప్పుడల్లా అది ఆయన ఫోన్నే వెతుక్కుంటుంది. విమానంలో ఫ్లైట్ మోడ్ పెట్టగానే బ్లూటూత్ ఆగిపోవచ్చు. కంగారు పడకు, ఫ్లైట్ మోడ్ అలాగే ఉంచి బ్లూటూత్ ఒక్కటే మళ్ళీ ఆన్ చెయ్యి, దానికి అనుమతి ఉంటుంది. సిబ్బంది ఎప్పుడైనా ఆపమంటే మాత్రం ఆపెయ్యాలి. ఒక సంగతి, ముందు సీటు వెనక ఉండే తెర నుంచి ఈ మాస్క్‌కు సినిమా సౌండు వస్తుందని ఆశపడకు. చాలా విమానాల్లో ఆ తెరకు వైరు పెట్టే రంధ్రమే ఉంటుంది. సినిమాకు వాళ్ళిచ్చే హెడ్‌ఫోన్లు, నిద్రకు మాస్క్.

మీటలు చేతికి అలవాటు కావాలి. చాలా మాస్క్‌లలో ప్లస్ మీట పొట్టిగా నొక్కితే ఒక పని, పట్టుకుని నొక్కితే ఇంకో పని. ఒకదాంట్లో సౌండు పెరుగుతుంది, ఒకదాంట్లో తర్వాతి పాటకు పోతుంది, కంపెనీని బట్టి మారుతుంది. కళ్ళు మూసుకుని సౌండు తగ్గించడం, పాట ఆపడం ఈ రెండూ తడుముకోకుండా వచ్చేదాకా చెయ్యి. ఆన్ చేసినప్పుడూ, ఛార్జింగు అయిపోతున్నప్పుడూ ఇంగ్లీషులో ఒక ఆడగొంతు గట్టిగా మాట్లాడుతుంది. నిద్రలో అది చెవిలో మోగితే గుండె జల్లుమంటుంది. అందుకే ప్రతిసారీ నిండా ఛార్జింగు చేసి పెట్టుకోవడం, పాట తనంతట తాను ఆగేలా టైమరు పెట్టుకోవడం.

ఆ టైమరు గురించి వివరంగా చెబుతాను, ఎందుకంటే రాత్రంతా పాట మోగాలని అందరూ అనుకుంటారు, అది పొరపాటు. నిద్ర పట్టడానికి సాయం కావాలి, పట్టాక అక్కర్లేదు. 45 నిమిషాలకు ఆగేలా పెట్టుకో. మధ్యలో మెలకువ వస్తే మళ్ళీ ఒకసారి మీట నొక్కడమే. ఐఫోన్ అయితే గడియారం యాప్‌లో టైమరులోకి వెళ్ళి, టైమరు ముగిసినప్పుడు మోగే శబ్దాల జాబితాలో అట్టడుగున "స్టాప్ ప్లేయింగ్" అని ఉంటుంది, దాన్ని ఎంచుకోవాలి. ఆండ్రాయిడ్‌లో పాటలు వినిపించే యాప్‌లలోనే స్లీప్ టైమర్ అని ఉంటుంది. 8 నుంచి 10 గంటలు వస్తుందని డబ్బా మీద రాసిన బ్యాటరీ, ఇలా వాడితే మొత్తం ప్రయాణానికి సరిపోతుంది.

ఏం వినాలి? నీకు ప్రవచనాలు వింటూ పడుకోవడం అలవాటు కదా, అవి విమానానికి సరిపడవు. చెప్పేవారి గొంతు ఒక్కసారి పైకి లేస్తుంది, సభలో చప్పట్లు పడతాయి, మధ్యలో మైకు కీచుమంటుంది. సినిమా పాటలు అంతకంటే పనికిరావు. తెలిసిన పాటకు మనసు పదం అందుకుని వెంట పడుతూ ఉంటుంది, నిద్ర ఎక్కడ పడుతుంది? సన్నగా ఒకే తీరుగా సాగే వేణువు, వీణ ఆలాపన మంచివి, తాళం మొదలయ్యాక మృదంగం జోరందుకునే కచేరీ ముక్కలు తీసెయ్యాలి. వానజల్లు, జలపాతం, ఫ్యాను చప్పుడు లాంటి ధ్వనులు అన్నిటికంటే నయం, ఎందుకంటే చుట్టుపక్కల మాటలు వాటిలో కలిసిపోతాయి. ఉరుములున్న వాన వద్దు. బరువైన మంద్రస్వరాలను ఈ పల్చటి స్పీకర్లు పలికించలేవు, బరబరమంటాయి, కాబట్టి తంబురా శ్రుతి కూడా పెట్టి విని చూశాకే ఎంచుకో.

ఇవన్నీ ఫోన్లోకి ఎక్కించి ఉండాలి. ఇంట్లో యూట్యూబ్‌లో పెట్టుకుని వింటావు, డబ్బు కట్టని యూట్యూబ్‌లో స్క్రీన్ ఆపగానే పాట ఆగిపోతుంది, మధ్యలో ప్రకటనలు అరుస్తాయి, పైగా ఆకాశంలో నెట్‌ను నమ్ముకోలేం. ఫైళ్ళుగా డౌన్‌లోడ్ చేయించుకో. మామూలు నాణ్యతలో గంట పాట 60 ఎంబీ లోపే, పది గంటలకు 600 ఎంబీ అవుతుంది, నీ ఫోన్లో ఆ మాత్రం జాగా ఉంటుంది. ఎక్కించాక ఇంట్లో ఒకసారి ఫ్లైట్ మోడ్ పెట్టి, ప్రతి ఫైలూ మోగుతోందో లేదో చూడు. ఇది చూసుకోక విమానంలో ఖాళీ ఫోను పట్టుకుని కూర్చునేవాళ్ళే ఎక్కువ.

సౌండు సగం దాటనివ్వకు. పక్కన కూర్చున్నవాళ్ళు మామూలు గొంతుతో పిలిస్తే మాటలు అర్థం కాకపోయినా పిలుస్తున్నారని తెలియాలి, అంతే ఉండాలి. లేచాక చెవుల్లో గుయ్‌మంటే ఎక్కువ పెట్టావన్నమాట. ఇంజను హోరు మరీ బాధిస్తే మందుల షాపులో దొరికే మెత్తటి ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ చెవుల్లో పెట్టుకుని, వాటి మీద మాస్క్ కట్టు. అవి ఊరికే తోస్తే పనిచెయ్యవు. వేళ్ళ మధ్య సన్నగా ఒత్తిలా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైభాగాన్ని పైకీ వెనక్కీ లాగి, లోపల పెట్టి అర నిమిషం వేలితో ఆపి పట్టుకోవాలి. అది ఉబ్బి చెవిని నింపుతుంది. చెవిలో గుబిలి ఎక్కువగా ఉన్నా, చీము కారుతున్నా ఇవి వద్దు. మీ ఆడపడుచుకి కూడా ఈ మాస్క్ కొందామన్నావట. ఆవిడ వినికిడి యంత్రం పెట్టుకుంటుంది కదా, దాని మీద మాస్క్ నొక్కితే కీ అని కూత పెడుతుంది. ఆవిడకు స్పీకర్లు లేని మామూలు మాస్క్ చాలు, పడుకునేటప్పుడు యంత్రం తీసి డబ్బాలో పెట్టుకోమను.

బయలుదేరడానికి వారం ముందు నుంచి రోజూ మధ్యాహ్నం గంటసేపు అలవాటు చెయ్యి. మంచం మీద పడుకుని కాదు, వాలుకుర్చీలోనో సోఫాలోనో కూర్చునే. హాల్లో టీవీ మోగుతూ ఉండగా, వంటింట్లో కుక్కరు కూత పెడుతూ ఉండగా పడుకో. మొదటి రెండు రోజులూ ముఖం మీద ఏదో ఉందని చికాకుగా ఉంటుంది, మూడో నాలుగో రోజుకు సర్దుకుంటుంది. అదే ధ్వని రోజూ పెట్టుకుంటే, విమానంలో అది వినగానే ఒంటికి నిద్రవేళ అని గుర్తొస్తుంది. ఏడు రోజులు ఇంట్లో వాడని మాస్క్ విమానంలో ఎవరికీ ఉపయోగపడదు. ఇది గట్టిగా చెబుతున్నాను.

సీటు సంగతి ఇప్పుడే అమ్మాయితో మాట్లాడు, తర్వాత మంచివి మిగలవు. నిద్రకు కిటికీ పక్క మంచిదని అంటారు, తల ఆనించుకోవచ్చు. కానీ నీకు మోకాళ్ళ నొప్పులు, రెండు మూడు గంటలకోసారి లేవాలి, ఇద్దరిని లేపి దాటాలంటే మొహమాటపడి నీళ్ళు తాగడమే మానేస్తావు. పెద్ద విమానాల్లో మూడు, నాలుగు, మూడు చొప్పున సీట్లుంటాయి. మధ్య నాలుగింటిలో చివరి సీటు అడగమను. పక్కవరసలో చివరి సీటైతే ఇద్దరు నిన్ను దాటాలి, ఇక్కడ ఒక్కరే, మిగతావాళ్ళు అటువైపు నుంచి పోతారు. ముందు గోడ ఎదురుగా ఉండే సీట్లలో పసిపిల్లల ఉయ్యాలలు తగిలిస్తారు. వంటగది, మరుగుదొడ్ల పక్క సీట్లలో రాత్రంతా దీపాలూ మాటలూ. ఇంజన్లకు వెనక భాగంలో హోరు ఎక్కువ. ఈ మూడూ తప్పించుకుంటే చాలు.

నడవ పక్క సీటులో తల ఆనడానికి గోడ ఉండదు కాబట్టి మెడదిండు కావాలి. దాన్ని అందరూ వెనక పెట్టుకుంటారు, వెనక భాగం లావుగా ఉంటే తల ముందుకు వంగి మాస్క్ పైకి జారుతుంది. తిప్పి, లావు భాగం గడ్డం కిందికి వచ్చేలా పెట్టుకో, తల ముందుకు వాలదు. సీటు తలభాగానికి రెండు పక్కలా రెక్కలుంటాయి, వాటిని ముందుకు వంచితే తలకు ఆనుకుంటాయి. కానీ గట్టిగా వంచితే స్పీకరు చెవికి నొక్కుకుంటుంది. నువ్వు ఎప్పుడూ ఎడమవైపే వాలతావు కదా, అయితే ఆ వైపు స్పీకరును చీలికలోంచి కాస్త ముందుకు, కణత వైపు జరిపెయ్యి. పాట కుడిచెవికే వస్తుంది, ఫోన్లో యాక్సెసిబిలిటీలో "మోనో ఆడియో" ఆన్ చేస్తే ఒక్క చెవికే మొత్తం వినిపిస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, ఎప్పుడు పడుకోవాలో. టికెట్టు మీద దుబాయిలో ఉదయం 8:50 అని ఉంటే, పగలు కదా అని సినిమాలు చూస్తూ కూర్చునేవు. ఆ వేళకు మనకి 10:20, శాన్ ఫ్రాన్సిస్కోలో అంతకుముందు రోజు రాత్రి 9:50. అంటే విమానం కదిలేసరికి నువ్వు వెళ్ళే ఊళ్ళో పడుకునే వేళ. అక్కడ నవంబరు మొదట్లో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, నువ్వు అక్టోబరులోనే వెళుతున్నావు కాబట్టి మనకీ వాళ్ళకీ తేడా 12:30 గంటలు. దిగేది మధ్యాహ్నం రెండు లోపు. కాబట్టి ప్రయాణంలో మొదటి సగం నిద్ర, రెండో సగం మెలకువ. దీన్ని తిరగేసి, మొదట మేలుకుని చివర్లో పడుకుంటే దిగాక వారం రోజులు రాత్రిళ్ళు గుడ్లప్పగించి కూర్చుంటావు.

హైదరాబాదు నుంచి దుబాయి దాకా నాలుగు గంటలే, ఎక్కించి దించడాలు పోగా కునుకు తీయడానికి గంటన్నర దొరుకుతుంది. ఆ గంటన్నర వాడుకో, కానీ దుబాయి విమానాశ్రయంలో మాత్రం మాస్క్ బయటికి తియ్యకు. ఒక్కదానివే ఉంటావు, పిలుపు వినపడకపోతే విమానం తప్పుతుంది. పెద్ద విమానం ఎక్కాక గంట, గంటన్నరకు భోజనం వస్తుంది. ప్రయాణానికి కనీసం 24 గంటల ముందు ఏషియన్ వెజిటేరియన్ భోజనం అడిగి ఉంచమను. ప్రత్యేక భోజనాలు అందరికంటే ముందు తెస్తారు, నువ్వు తిని పడుకునే సమయం ముందుకొస్తుంది. టీ, కాఫీ ఆ పూటకు వద్దు. తిని, మాత్రలు వేసుకుని, ఒకసారి మరుగుదొడ్డికి వెళ్ళొచ్చి, ఊలు మేజోళ్ళు తొడుక్కుని, దుప్పటి కప్పుకుని దాని మీద నుంచి బెల్టు పెట్టుకో. దుప్పటి కింద బెల్టు పెట్టుకుంటే విమానం ఊగినప్పుడల్లా అది ఉందో లేదో చూడ్డానికి నిన్ను లేపుతారు. భోజనానికి లేపాలో వద్దో చెప్పే స్టిక్కర్లు కొన్ని విమానాల్లో ఇస్తారు, ఇవ్వకపోతే సిబ్బందికి నోటితో చెప్పు. పక్కనున్నవాళ్ళకి కూడా, దాటాలంటే భుజం తట్టండి అని చెప్పి అప్పుడు మాస్క్ దించుకో. కళ్ళజోడు గట్టి డబ్బాలో పెట్టి పర్సులో వేసుకో, ముందు జేబులో వేస్తే మోకాలు తగిలి విరుగుతుంది.

మెలకువ కోసం ఫోన్లో అలారం పెట్టకు. ఫ్లైట్ మోడ్‌లో ఫోను ఏ ఊరి టైము చూపిస్తోందో తెలియని గందరగోళం, పైగా కొన్ని ఫోన్లలో మాస్క్ కలిపి ఉన్నా అలారం బయటి స్పీకర్లో కూడా మోగి పదిమందిని లేపుతుంది. ఆరున్నర గంటలకు టైమరు పెట్టి, ఫోను వైబ్రేషన్లో మెడలో వేసుకునే చిన్న సంచీలో ఉంచుకో. సంచీ ఎందుకంటున్నానంటే, ఒళ్ళో పెట్టుకున్న ఫోను నిద్రలో సీటు సందులో పడుతుంది. అలా పడితే సీటును ముందుకీ వెనక్కీ జరపకు, ఇనుప మడతల్లో ఫోను నలిగితే బ్యాటరీ అంటుకోవచ్చు. కదలకుండా సిబ్బందిని పిలువు.

ఆ ఆరున్నర గంటలూ ఒకే నిద్ర పట్టదు. గంటన్నర, రెండు గంటలకు మెలకువ వస్తుంది. వచ్చిందని బాధపడకు, అది మంచిదే. మెలకువ వచ్చిన ప్రతిసారీ రెండు గుక్కల నీళ్ళు తాగి, నడవలో ఆ చివరిదాకా వెళ్ళి రా. లేవలేకపోతే కూర్చునే మడమలు ఆనించి వేళ్ళు పైకి, వేళ్ళు ఆనించి మడమలు పైకి ఇరవైసార్లు. కదలకుండా గంటలు గంటలు కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అందుకే నిద్రమాత్ర వద్దంటాను. నిద్ర వస్తుందని జలుబుమాత్ర వేసుకోమని ఎవరైనా చెబితే కూడా వినకు. మన వయసులో దానికి నోరెండిపోతుంది, తల తిరుగుతుంది, లేచి నడిచేటప్పుడు తూలుతావు. బీపీ మాత్ర ఏ దేశపు టైముకు వేసుకోవాలో డాక్టరుగారి దగ్గర కాగితం మీద రాయించుకో. లోపల గాలి చాలా పొడిగా ఉంటుంది, డాక్టరు ఇచ్చిన కళ్ళ చుక్కలు చేతిసంచీలో పెట్టుకుని మాస్క్ వేసుకునే ముందు ఒక్కో చుక్క వేసుకో.

విమానం పైకి లేచేటప్పుడూ కిందికి దిగేటప్పుడూ కళ్ళూ చెవులూ తెరిచే ఉండాలి, వాళ్ళు చెప్పే జాగ్రత్తలు వినపడాలి. దిగేటప్పుడు ఇంకో కారణం కూడా ఉంది. కిందికి వచ్చేకొద్దీ గాలి ఒత్తిడి పెరిగి చెవులు బిగుస్తాయి. మెలకువలో మనం గుటక వేస్తాం, అది సర్దుకుంటుంది, నిద్రలో గుటకలు తక్కువ. అందుకే దిగడానికి ముప్పావుగంట ముందే మాస్క్, ఇయర్‌ప్లగ్స్ తీసేసి యాలక్కాయో పిప్పరమెంటో చప్పరిస్తూ ఉండు. ముక్కు దిబ్బడ వేసి ఉంటే ప్రయాణానికి ముందే చూపించుకో.

మాస్క్‌లో ఉండేది లిథియం బ్యాటరీ, చేతిసంచీలోనే పెట్టుకో. శంషాబాదులో తనిఖీ దగ్గర ఫోనుతో పాటు ట్రేలో వెయ్యి. పవర్ బ్యాంకు పెద్ద పెట్టెలో అసలు పెట్టకూడదు. 100 వాట్-అవర్ల (బ్యాటరీలో ఎంత శక్తి పడుతుందో చెప్పే లెక్క) లోపుది ఒకటి చేతిసంచీలో తీసుకెళ్ళొచ్చు, మామూలుగా 20,000 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది 74 వాట్-అవర్లే. కానీ ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంకు వాడటం నిషేధించింది, మిగతా కంపెనీల్లోనూ ఇలాంటి ఆంక్షలు వస్తున్నాయి. కాబట్టి దాన్ని నమ్ముకోకు. సీటు దగ్గర ఉండే యూఎస్‌బీ రంధ్రానికి వైరు పెట్టి, మెలకువగా ఉన్నప్పుడు ఛార్జింగు చేసుకో. ఛార్జింగు పెట్టి మాస్క్ కళ్ళకు కట్టుకుని పడుకోవద్దు.

అక్కడికి చేరాక స్పీకర్లనూ మీటల పెట్టెనూ చీలికలోంచి బయటికి తీసి, ఉత్త బట్టను గోరువెచ్చటి నీళ్ళలో చేత్తో ఉతికి నీడన ఆరెయ్యి. వాషింగ్ మెషిన్లో వెయ్యనివ్వకు. స్పీకర్లు తీసేముందు ఏది ఎటు ఉందో ఫోటో తీసుకుంటే మళ్ళీ పెట్టేటప్పుడు తికమక ఉండదు. పసిపిల్లను చూసుకునే రోజుల్లో పగటిపూట అరగంట నిద్ర నీకు చాలా అవసరమవుతుంది, అప్పుడూ ఇదే పనికొస్తుంది. అయితే పిల్ల ఏడుపు వినపడాలి కదా, అప్పుడు స్పీకర్లు లేకుండా ఉత్త బట్టే కట్టుకో.

మాస్క్ వచ్చిన రోజు సాయంత్రం వీడియో కాల్ చెయ్యి. స్పీకర్లు జరపడం, ఫోనుకు కలపడం నువ్వు చేస్తుంటే చూస్తాను. డాక్టరుగారు కంటి గురించి ఏమన్నారో కూడా అప్పుడే చెప్పు.

మీ అక్క